మేకుకు తగిలించిన తాయెత్తు

మా మేస్త్రి మొన్న శుక్రవారం మదనపల్లె ఆసుపత్రిలో కన్నుమూశారు. కబురు వచ్చేసరికి పుంగనూరు షెడ్డులో పీటలకు గరుకు కాగితం రుద్దుతున్నాం. ఎవరో లేచి మిషన్ ఆపేశారు. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, ఇంటికి ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. ఆయన ఉండగా నోటితో చెప్పలేకపోయిన మాట ఒకటి ఉంది. అందుకే షెడ్డులోని అక్కచెల్లెళ్లకు ఇది రాస్తున్నాను.

పూజ పీటలు, చిన్న మందిరాలు చేసుకోవడానికి అందరికీ కలిపి ఉన్న షెడ్డు మనది. శిక్షణ పూర్తిచేసి రిజిస్టరులో సంతకం పెట్టనిదే ఎవరూ మిషన్ తాకకూడదని నియమం పెట్టింది మేస్త్రే. నియమం తప్పినవాళ్లను పంపించేయాలని కమిటీతో రాయించిందీ ఆయనే.

శిక్షణలో మొదటి మూడు రోజులు మిషన్ నడపనిచ్చేవారు కాదు. కరెంటు తీసేసి, కళ్లు మూసుకుని చేయి చాచమనేవారు. చేయి నేరుగా మిషన్ ఆపే ఎర్ర బటన్ మీద పడాలి. తప్పితే మళ్లీ మొదటినుంచి.

"మూడు దినాల్నుంచి కూర్చోబెడతాండావు, ఇదేమన్నా పెండ్లిసూపులా అప్పా?" అని ఒకామె ఎత్తిపొడిచింది.

"ఔనమ్మా. మిషన్ మిమ్మల్ని సూసుకుంటాండాది. దానికి నచ్చాల కదా!"

మేమందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఆపేది వస్తేనే నడిపేది నేర్పిస్తా" అన్నారు.

పనికి ముందు తన మెడలోని తాయెత్తు తీసి, కళ్లకద్దుకుని, డ్రిల్లింగ్ మిషన్ పక్క గోడకున్న మేకుకు తగిలించేవారు. ఆ తర్వాతే మా గాజులు, మా కొంగులు, మా జడలు చూసేవారు. వేలాడేదేదీ ఒంటి మీద ఉండకూడదన్నదీ ఆయన నియమమే.

ఆరేళ్ల కిందటి శ్రావణంలో నా చేతికి వరలక్ష్మీ వ్రతం తోరం ఉంది. తొమ్మిది రోజులు తీయకూడదని మా అత్త మాట. మా ఆయన పక్షవాతంతో మంచం మీద ఉన్న రోజులవి.

"తీసి ఆ మేకుకు తగిలించమ్మా. మిషన్‌కు మీ దేవుడూ తెలీదు, మా దేవుడూ తెలీదు. నాది కూడా ఆడనే ఉండాది సూడు" అన్నారు మేస్త్రి.

తీస్తానన్నట్టు తల ఊపాను. తోరాన్ని పైకి తోసి, చీర మీద వేసుకున్న చొక్కా చేతి మడతలో దాచాను. చెమటకు అది జారింది. తిరుగుతున్న డ్రిల్లు దారాన్ని పట్టేసుకుంది. కళ్లు తెరిచే ఉన్నాను, అయినా ఎర్ర బటన్ ఎక్కడుందో కనిపించలేదు. ఆయన ఒక చేత్తో బటన్ కొట్టి, ఇంకో చేతి వేలు దారంలోకి దూర్చి లాగారు. నా మణికట్టు మీద గీత పడింది. ఆయన చూపుడు వేలు సగానికి పోయింది.

కమిటీవాళ్లు అడిగితే, "నాదే తప్పు. మిషన్ నిలబడకముందే చెయ్యి పెట్టినా" అన్నారు. నాతో మాత్రం ఒక్క మాటే: "ఇంటికాడ ఆయప్ప మంచంలో ఉండాడు కదమ్మా. గమ్మునుండు."

గమ్మునున్నాను. ఆరేళ్లు. కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ ఆ సగం వేలు ఎత్తి, "సూడండమ్మా, నా అజాగ్రత్త" అని చెప్పేవారు. నేను వెనక పీట రుద్దుతూ వినేదాన్ని. నావైపు ఒక్కసారీ చూడలేదు.

ఒక రోజు ఉండబట్టలేక, "మేస్త్రీ, ఆ వేలు..." అన్నాను.

"ఏ వేలు? తొమ్మిదిన్నర ఉండాయి, సాలు. నీ పీట వంకరుండాది, అది సూసుకో."

తోరం నన్ను కాస్తుందనుకున్నాను. అమ్మవారు ఆ రోజు ఎవరి చేతితో కాచిందో దీపం పెట్టిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

సోమవారం కుప్పం నుంచి కొత్తవాళ్లు వస్తున్నారు. శిక్షణ నన్ను ఇమ్మంది కమిటీ. చూపించడానికి నాకు పది వేళ్లూ ఉన్నాయి. అవే చూపించి, అవి ఎలా మిగిలాయో చెబుతాను. ఆ తర్వాత కమిటీ నన్ను పొమ్మంటే పోతాను.

ఈ కాగితాలు శిక్షణ రిజిస్టరు అట్టలో ఉంచండి. వచ్చే పోయే ఆఫీసర్లకు చూపించొద్దు. నాకోసం ఆయన ఆడిన అబద్ధం ఆయన పేరు మీద మచ్చ కాకూడదు. కొత్తవాళ్లకు నేనే నోటితో చెప్పుకుంటాను.

మేస్త్రి జ్వరంతో పని మధ్యలో లేచి వెళ్లిన రోజు తాయెత్తు తీసుకోవడం మరిచిపోయారు. అది మేకుకే ఉంది. మిషన్ నడిస్తే గోడ అదిరి అది సన్నగా ఊగుతుంది. ఎర్ర బటన్ నొక్కాక కూడా, కాసేపు ఊగుతూనే ఉంటుంది.