రెండు సుడుల పిల్ల

జగిత్యాల అనాథ పిల్లల గృహంల ఆయమ్మగ పనిచేసే నర్సవ్వ ఆ ముసలామె మొఖం చూడంగనే గుర్తుపట్టింది. మూడేండ్ల మల్లికను సాదుకుంటమని కోరుట్ల నుంచి మొగుడు పెండ్లాలు రెండోసారి వచ్చిండ్రు, ఎంట అత్తను తోల్కొని.

పోయినేడు గీ అత్తనే పిల్లను ఒళ్లె కూసోపెట్టుకొని, ఒక్క ముద్దు గూడ పెట్టక, పేండ్లు చూసినట్టు నెత్తిల ఎంటికలు పాయలు దీసింది. "రెండు సుడులున్నయి, రెండు పెండ్లిండ్లయితయి. గీ పిల్ల మాకొద్దు" అని లేచిపోయింది.

తర్వాత ఇటలీ దేశపు ఆలుమగలు మల్లికను కోరుకున్నరు. కోర్టు కాగితం కోసం ఎదురుచూసుకుంట ప్రతి ఐతారం వీడియోల మాట్లాడుతరు. తీరా వచ్చినంక వీళ్లు గూడ వద్దంటరేమోనని నర్సవ్వ ఒకపారి పిల్ల తల వంచి సుడులు చూపెట్టింది, వాటికి మనోళ్లు ఏమంటరో గూడ చెప్పించింది. అంతా విని ఆ తల్లి, "లైటు ఆర్పితే పిల్ల భయపడుతదా" అని మాత్రం అడిగింది.

"ఫారినోళ్లే మెచ్చిన్రంటే పిల్ల అదృష్టం మంచిదే. సుడులకు శాంతి చేయించుకుంటం, మాకే ఇయ్యుండ్రి" అన్నది ఆ సంగతి విని మళ్ల వచ్చిన ముసలామె. అనుకుంటనే చెయ్యి మళ్ల పిల్ల నెత్తి మీదికి తెచ్చింది.

నర్సవ్వ మల్లికను సంకకెత్తుకొని ఎనుకకు జరిగింది.

"సుడులు చూసి తెచ్చుకునేది ఎడ్లను, అవ్వా. అంగట్ల అడుగుండ్రి. గీ పిల్లకు అమ్మ దొరికింది."