మాట్లాడే తలుపు

ఆకివీడులో చేపల మేత కొట్టు నడిపే హేమంత్‌కుమార్‌కి నాటకాలంటే ప్రాణం. ఊళ్లో ఏ వేడుక జరిగినా, జనాన్ని నవ్వించడానికి ఆయన్నే పిలిచేవారు. ఆ పేరు ఇంకొకరికి పోతుందేమోనని ఆయనకి ఎప్పుడూ బెంగే.

కిందటేడు ఆయనా, స్నేహితుడు సూర్యతేజా కలిసి ఓ హాస్య నాటిక తయారుచేశారు. టీవీలో వచ్చే రెండు సైన్స్ సీరియళ్లని కలిపేశారు. ‘అంగారక కాలనీ’ కమాండర్‌గా హేమంత్. ‘నిన్నటికి టిక్కెట్టు’లో కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే బస్సుకి కండక్టర్‌గా సూర్యతేజ. ఆ బస్సు దారి తప్పి అంగారకుడి మీద ఆగుతుంది. చిల్లర ఇస్తేగాని కదలనంటాడు కండక్టర్. కాలనీకి ఓ మాట్లాడే తలుపుంది. దాని మాటలు తలుపులా నిలబెట్టిన అట్ట వెనక నిలబడి మైకులో చెప్పాలి.

ఊళ్లో ప్రదర్శన రోజున, ఆ మాటలు చెప్పాల్సిన అమ్మాయికి జ్వరమొచ్చింది. హేమంత్ భార్య తేజశ్రీ చిన్నపిల్లల బళ్లో టీచరు. “నేను చెప్తాలెండి,” అంది. కాగితం మీద ‘గుర్తింపు చూపండి’ అని ఉంటే, ఆవిడ అలవాటు కొద్దీ, “ఏవండీ, తమరెవరో చెప్పనేలేదు. ముందు చెప్పులు బయట విప్పి రండి,” అంది. హాలంతా గొల్లుమంది.

మర్నాటి నుంచి బజార్లో అందరూ ఆవిడని “తలుపుగారూ” అనడం మొదలుపెట్టారు. చెరువుల రైతు అబ్బాయిరాజు మేత బస్తాల కోసం వచ్చి, “మీ ఆవిడ భలే నవ్వించారండీ. అందులో మీరూ ఉన్నారా?” అన్నాడు. హేమంత్‌కి ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం భోజనం దగ్గర కూరలో ఉప్పెక్కువైందన్నాడు. ఎక్కువవలేదు.

తర్వాత తాడేపల్లిగూడెంలో ఓ కాలేజీ వాళ్లు పిలిచారు. “బడి మానుకుని నువ్వెందుకు రావడం? మాటలు ఫోన్లో రికార్డు చేసిచ్చెయ్,” అన్నాడు భార్యతో. ఆవిడ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, “సరేనండీ,” అంది.

అక్కడ సౌండ్ చూసే కృపానందం, మాట మాటకీ ఆపాల్సిన రికార్డుని ఎక్కడా ఆపకుండా వదిలేశాడు. కమాండర్ గుండెల మీద చెయ్యేసుకుని, “ఇక భూమి లేదు మిత్రులారా!” అన్నాడు. “ముందు చెప్పులు బయట విప్పి రండి,” అంది తలుపు. కమాండర్ ఏం చెప్పబోయినా తలుపు అడ్డమొచ్చేది. కుర్రాళ్లు కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. ఆ నవ్వంతా ఇంటి దగ్గరున్న మనిషికే వెళ్తోందని హేమంత్‌కి తెలుస్తూనే ఉంది.

“తలుపుకి గొంతిచ్చిందెవరండీ?” అనడిగిందో విద్యార్థిని.

“ఎవరో తెలిసినావిడ,” అన్నాడు.

తిరుగు బస్సులో సూర్యతేజ, “వదిన అని చెప్తే నీ సొమ్మేం పోయింది?” అన్నాడు. హేమంత్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే తేజశ్రీ ఎదురొచ్చింది. “నవ్వారా అండీ?”

“నవ్వారు.”

“మీకేనా?”

అవునందామనుకున్నాడు, నోరు రాలేదు. “నీకు,” అన్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. అంతలోనే ఆయన్ని చూసి ఆ సంతోషాన్ని దాచేసుకుంది. అలా దాచుకోవడం చూడలేకపోయాడు. “ఏలూరులోనూ వెయ్యమన్నారు. ఆ ప్రదర్శనకి నువ్వే రా. బడికి సెలవు పెట్టు,” అన్నాడు.

ఏలూరులో ఆవిడే అట్ట వెనక నిలబడింది. ఆవిడ మాటకి జనం నవ్వుతుంటే, ఆ నవ్వు ఆగేదాకా కమాండర్ నోరు మూసుకుని నిలబడాలి. నిలబడ్డాడు. కడుపులో మంట మాత్రం తగ్గలేదు.