సాయంత్రం ఆరు గంటల గ్లాసు

సూరత్‌లో ఇంట్లో బీరు పెట్టుకోవడం కుదరదు. గుజరాత్‌లో మందు బంద్. అయినా పన్నెండేళ్లు నేను రోజూ తాగాను. లింబాయత్‌లో సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పగటి డ్యూటీ దిగగానే, గల్లీ చివర దొంగచాటుగా అమ్మే ప్లాస్టిక్ పొట్లం మందు కొనుక్కునేవాణ్ణి. పక్కగదిలో ఉండే అతణ్ణి అన్నా అని పిలిచేవాణ్ణి, తాగుడులో అతనే నాకు తోడు. మాది ఒకటే జిల్లా, ఒకటే కార్ఖానా.

లాక్‌డౌన్ రాగానే సాంచలు ఆగిపోయాయి, పొట్లాలూ ఆగిపోయాయి. మూడో రోజుకు నా చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమట. నా భార్య భయపడి అడాజన్‌లో ఉండే తెలుగు డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆమె నంబరు మా వాళ్లలో కొందరి దగ్గర ఉండేది.

"తాగుడు ఇలా ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణం మీదకు వస్తుంది. ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అందామె.

ఐదు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉండి, మందులతో ఇంటికి వచ్చాను. డాక్టరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "వణుకు తగ్గింది సరే. సాయంత్రం ఆ వేళకు చెయ్యి గ్లాసు కోసం వెతుకుతుంది. రోజూ ఇంట్లో ఉండేది, మీకు నచ్చేది ఒకటి చూసుకోండి."

అప్పటినుంచి అదే మా పని. మొదట మజ్జిగ. నాలుగో సాయంత్రానికి విసుగొచ్చింది. అన్నంలోకి పోసుకునేది గ్లాసులో పోస్తే మనసు ఒప్పుకోలేదు. తర్వాత కిరాణా కొట్టులో మత్తులేని బీరు సీసాలు దొరికాయి. మూత తీయగానే నురగ పొంగింది, అదే వాసన. రెండు తాగేసరికి, పొట్లాలు మళ్లీ దొరకడం మొదలైన గల్లీ చివరకు కాళ్లు లాగాయి. చెప్పులు వేసుకున్నాను కూడా.

నా భార్య తలుపుకు అడ్డంగా నిలబడింది. "గిది నిన్ను మళ్ల అటే గుంజుతున్నది. నీకు తెలుస్తలేదా?"

తెలిసింది. మిగిలిన సీసాలు నేనే మోరీలో ఒంపేశాను. ఆ రాత్రి సిగ్గుతో నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆమె జొన్నపిండి తెచ్చింది. "మా అమ్మ ఎండకాలంల అంబలి కాసేది. పులుపుగ ఉంటది. చూద్దాం."

పిండిని నీళ్లలో నానబెట్టి, పులిశాక కాచి, చల్లార్చి మజ్జిగ కలపాలి. మా రేకుల గది వేడికి మొదటిసారి పిండి కుళ్లి, ఇల్లంతా కంపు కొట్టింది. రెండోసారి మరీ పలచన. తర్వాత ఆమె రాత్రి నానబెట్టడం మానేసి, పొద్దున నానబెట్టి మధ్యాహ్నానికి కాచింది. కుండలో చల్లబడిన అంబలిలో ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు వేసి ఆరు గంటలకు నా చేతికిచ్చింది. నాలుక జివ్వుమంది. గ్లాసు ఖాళీ అయ్యాక ఇంకొకటి అడిగాను. ఆమె ముఖం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

కార్ఖానాలు తెరిచాక అన్న పొట్లం పట్టుకుని వచ్చాడు.

"ఏంది తమ్మీ, గిట్ల మారినవ్? జర ఒక్క గుక్క ఏస్కో."

"వద్దన్నా. నువ్వే గిది తాగి చూడు."

గ్లాసెడు అంబలి తాగి మూతి తుడుచుకున్నాడు. "మంచిగున్నది. కని కిక్కేది?"

"కిక్కు లేకుంటనే పొద్దుగాల తల నొయ్యకుంట లేస్తున్ననన్నా."

నవ్వి వెళ్లిపోయాడు. అయితే మర్నాడూ వచ్చాడు. అంబలి తాగడం, వెళ్లి పొట్లం తాగడం, చాలా రోజులు రెండూ నడిచాయి. వచ్చినప్పుడల్లా గ్లాసు నింపి ఇచ్చాను. వద్దని చెప్పే అర్హత నాకెక్కడిది?

మరుసటి ఏడాది కరోనా రెండోసారి విరుచుకుపడి తగ్గాక, ఒక ఆదివారం పొద్దున్నే అన్న మా తలుపు కొట్టాడు. కళ్లు కామెర్లు వచ్చినట్టు పచ్చగా ఉన్నాయి.

"తమ్మీ, ఆ డాక్టరమ్మ నంబరియ్యి. నాకు ఒక్కనికి పోవాల్నంటే భయమైతున్నది."

ఇద్దరం షేర్ ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. దారంతా అతను నా చెయ్యి వదల్లేదు. పది రోజులకు తిరిగొచ్చాడు, చిక్కిపోయి, కానీ నిలకడగా నడుస్తూ. ఆ రోజు నుంచి నా భార్య ఇంకో గిన్నెడు పిండి ఎక్కువ నానబెడుతోంది.