విల్‌ఫ్రెడ్‌కి అందని బండి

ఖరగ్‌పూర్ రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఫోను చెవికి ఆనించుకుని ఉండగానే విల్‌ఫ్రెడ్ జుట్టు నెరిసింది. ఏ బండి ఎక్కడ దాటినా స్టేషన్ల వాళ్లు ఆయనకు చెప్పాల్సిందే. అందుకే రైల్వే కాలనీలో ఎవరింటికి చుట్టాలొస్తున్నా జనం ఆయన్నే అడిగేవారు. "బాలాసోర్ దాటీసింది, బియ్యం కడుక్కోండి" అనేవాడు, బండిని తనే తోలుతున్నంత దర్జాగా.

తొంభైలో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించింది. అక్కడ నర్సుగా ఉన్న ఆయన చెల్లెలు స్వర్ణకుమారి ఎడారి దాటి జోర్డాన్ చేరిందనీ, అమ్మాన్ నుంచి బొంబాయికి విమానంలో పంపుతారనీ కబురొచ్చింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. పక్కనున్న హిజ్లీ ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే హరనాథ్‌ని అమ్మాన్ నుంచి బొంబాయి ఎంత దూరమని అడిగితే, నాలుగు వేల కిలోమీటర్లు, అయిదారు గంటల ప్రయాణం అన్నాడు.

"అంతేనే అమ్మా! మన బండి భువనేశ్వర్ ఎల్లినంతసేపు" అని తల్లి ఎస్తేరమ్మకు విల్‌ఫ్రెడ్ ధైర్యం చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. వారం గడిచింది. ఆయన డ్యూటీ దిగి గుమ్మంలోకి రాగానే ఆవిడది ఒకటే ప్రశ్న.

"ఇప్పుడెక్కడుందిరా?"

ఒకరోజు ఆయన అరిచేశాడు. "గాల్లో టేసన్లుండవమ్మా! నాకెవుడు సెప్తాడు?"

"పోనీ, బయిల్దేరినాదో నేదో కనుక్కో."

విల్‌ఫ్రెడ్ చెయ్యి అలవాటు కొద్దీ చెవి దాకా వెళ్లింది. చేతిలో ఫోను లేదు. ఉన్నా ఎవర్ని పిలవాలి?

ఎస్తేరమ్మ చేటలో బియ్యం పట్టుకుని నిలబడే ఉంది.

"మరి నాను బియ్యం ఎప్పుడు కడగాలిరా?"