చూపే గద, ఎత్తే గద

మందమర్రి చరిత్ర రాయబోయే పండితులకు ఒక మనవి. బొగ్గు ఎప్పుడు దొరికింది, మొదటి బాయి ఎప్పుడు తవ్వారు వంటి చిన్న చిన్న సంగతులు తర్వాత చూసుకోవచ్చు. ముందుగా నమోదు కావలసిన మహాఘట్టం వేరే ఉంది. ఎనభైల్లో ఒక ఆదివారం మ్యాట్నీలో, తెరమీద రాజమాత ప్రాణం విడుస్తుండగా, హాలంతా ముక్కు చీదుకుంటుండగా, బొగ్గుబాయి వర్క్‌షాపులో స్టోర్సు చూసే రామేశ్వర్‌రావు లేచి నిలబడి, వేలు చూపించి, "ఆపుండ్రి! గది వేరే కత్తి!" అని అరిచాడు.

కత్తి వేరేదే. కొడుకు యుద్ధానికి పోయేటప్పుడు దాని పిడికి ఎర్రరాయి ఉంది. తల్లి మంచం దగ్గరికి వచ్చేసరికి రాయి లేదు. ఇంత అన్యాయం జరిగితే కళ్లు తుడుచుకుంటూ కూర్చున్న జనాన్ని చూసి ఆయన ఒళ్లు మండిపోయింది.

"కూసో సారూ! ముసలామెను సావనియ్యి!" అని వెనక బెంచీలోంచి ఎవడో మొత్తుకున్నాడు.

"ఎట్ల సస్తదిరా? ముందుగాల గా రాయెటు పోయిందో చెప్పమను!"

పక్కన కూర్చున్న భార్య దేవకి కొంగు మొహం మీదికి లాక్కుంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె ఒక్క సినిమా కూడా చివరిదాకా చూసిన పాపాన పోలేదు. కథ మంచి పట్టున ఉండగా గేటు దగ్గరి రాయమల్లు టార్చిలైటు వేసుకొని వచ్చేవాడు. "అమ్మా, మీరు కూసోండ్రి. సారును మాత్రం బయటికి తోలుండ్రి," అని వినయంగా చెప్పేవాడు. ఆమె లేచి భర్త వెంటే నడిచేది. భర్త మీద కోపం, రాయమల్లు మీద కోపం, చచ్చిందో బతికిందో తెలియకుండా మిగిలిపోయిన రాజమాత మీద అంతకన్నా కోపం.

లోకంలో కోపం వచ్చినవాళ్లు గిన్నెలు విసురుతారు, పస్తులు పడుకుంటారు. రామేశ్వర్‌రావు అచ్చులు పోసేవాడు. సినిమావాళ్లు తప్పు చేసిన ప్రతి వస్తువునూ తాను సరిగ్గా చేసి చూపించడం ఆయన వ్రతం. ఆ కత్తిని కట్టెతో చెక్కి, ఎర్రరాయి పెట్టి, దాని చుట్టూ సిలికాన్ రబ్బరు పోశాడు. ఆ రబ్బరు హైదరాబాద్ నుంచి డబ్బాల్లో వచ్చేది. చూడటానికి చిక్కటి మీగడలా ఉండి, చుక్క మందు కలిపితే తెల్లారేసరికి గట్టిపడి మెత్తటి తొడుగులా ఊడివచ్చేది. ఆ తొడుగులో ఫైబరు నార, రెజిను జిగురు వేస్తే కత్తి తయారు. గీత ఉంటే గీత, గాటు ఉంటే గాటు, ఈగ వాలితే ఈగ కాలు కూడా అచ్చులో దిగేది. అచ్చుకు మొహమాటం లేదు. ఆయనకు అది నచ్చడానికి కారణం కూడా అదే.

మీగడలాంటి పదార్థం కాబట్టి దానికి దేవకి పాలతపేలా తప్ప వేరే పాత్ర ఆనేది కాదు.

"నా తపేల ఏది?"

"అండ్ల కిరీటం ఉన్నది."

"మరి పాలు దేంట్ల కాగబెట్టాలె?"

"మొన్నటి కిరీటంల కాగబెట్టు! నన్నడుగుతవేంది? బుడగ వచ్చిందంటే నీదే పూచీ!"

బుడగ ఆయనకు జన్మశత్రువు. రబ్బరులో గాలిబుడగ నిలిస్తే వస్తువు మీద పొక్కు లేస్తుంది. రెండో శత్రువు మనిషి వేలు. ఒకసారి దేవకి అక్క లీలాబాయి మెట్‌పల్లి నుంచి చుట్టపుచూపుగా వచ్చి, ఆరుతున్న అచ్చును చూసి "ఇదేంది, జున్నా?" అంటూ బొటనవేలుతో నొక్కింది. ఆ అచ్చులోంచి వచ్చిన కిరీటాలన్నిటికీ నడినెత్తిన లీలాబాయి వేలిముద్ర ఉబ్బి కనిపిస్తుంది. ఏ దేశపు రాజు పెట్టుకున్నా ఆమె ఏలుబడే. ఆనాటి నుంచి వాకిట్లోకి మనిషి నీడ పడితే చాలు, లోపల్నుంచి "ముట్టకుండ్రి!" అనే గర్జన వినిపించేది. పాలవాడు ముట్టేవాడు కాదు, పోస్ట్‌మన్ ముట్టేవాడు కాదు. లీలాబాయి అయితే రావడమే మానేసింది.

ఇంత నిష్ఠాపరుడికి ఇంకొక నియమం ఉంది. తాను చేసిన ప్రతి వస్తువు అడుగునా మేకుతో "నకలు" అని గీసేవాడు. చూడవచ్చినవాళ్లెవరైనా "అబ్బ, అచ్చం అసలుదే సారూ!" అని మెచ్చుకున్నారో, వాళ్ల గతి అంతే.

"అసలుదెట్లయితది? బోర్లేసి చూడు! ఏం రాసున్నది?"

"నకలు..."

"మరి? కండ్లు లేవా? నకలును అసలంటే ఆ సినిమాటోళ్లకూ నీకూ ఫరకేంది?"

మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లు తిట్లు తిని పోయేవారు. ఒకసారి విలన్ పిస్తోలు చేస్తున్నాడని విని విచారణకు వచ్చిన కానిస్టేబుల్ కూడా, దాన్ని బోర్లించి చదివి, తానే తప్పు చేసినట్టు టోపీ సర్దుకొని వెళ్లిపోయాడు.

ఇక గద సంగతి. కాలనీ నాటక సమాజానికి ప్రాణం ఒక గద. హార్మోనియం పర్శరాములు వెనకటికి మద్రాసుకు పోయి, మూతపడిన ఒక సినిమా కంపెనీ సామాన్లలోంచి దాన్ని మోసుకొచ్చాడు. లోపల టేకు, పైన ఇత్తడి రేకు. ప్రతి దసరాకూ దుర్యోధన వధ ఆడతారు. భీముడు ఆ సినిమా గదను ఒంటిచేత్తో నెత్తిమీదికి ఎత్తి స్టేజీ ఎక్కాలి. ఎత్తగలిగినవాడే భీముడు. కాలనీలో ఇంతకు మించిన రాజ్యాంగం లేదు.

ఏళ్ల తరబడి ఎత్తుతున్నవాడు ఇస్తారి. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. దుంగలు మోసి మోసి కుడిభుజం పట్టేసింది. పోయిన దసరాకు గద సగం లేచి ఆగిపోయింది, రెండో చెయ్యి వేయవలసి వచ్చింది. జనంలో ఎవడో "భీమన్నకు భోజనం పెట్టుండ్రి!" అన్నాడు. ఆ మాటకు ఇస్తారి ఇంకా కోలుకోలేదు. ఈసారి రిహార్సల్‌లో ఒంటిచేత్తో ఎత్తకపోతే వేషం కుర్రాడైన కొండల్‌కు పోతుందని పర్శరాములు తేల్చి చెప్పాడు.

ఈ వార్త విని రామేశ్వర్‌రావు మండిపడుతూ కమ్యూనిటీ హాలుకు వెళ్లాడు.

"ఇస్తారీ, సినిమాటోళ్లు రెండు గదలు చేస్తరు. ఒకటి చూపే గద, ఒకటి ఎత్తే గద. దగ్గర్నుంచి చూపేటప్పుడు బరువుది, కొట్లాటకు తేలికది. గీ పర్శరాములు తెలివిలేక చూపేది తెచ్చిండు. నీకు నేను ఎత్తేది చేసిస్త."

ఇస్తారి గదను ఒళ్లో పెట్టుకొని తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"దాని కింద నకలని రాస్తవా సారూ?"

"రాయకుంటెట్ల? నకలు నకలే!"

"అట్లయితే అద్దు. నకలు గద పట్టినోడు నకలు భీముడే. ఎక్కితే దీనితోనే ఎక్కుత, లేకుంటే ఎక్కనే ఎక్క."

జీవితంలో మొదటిసారి రామేశ్వర్‌రావు సిద్ధాంతం ఆయనకే అడ్డం తిరిగింది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చొని, కారం ఎక్కువైందని, ఉప్పు తక్కువైందని, కంచం గుండ్రంగా లేదని అరిచాడు. మర్నాడు దేవకిని స్కూటర్ ఎక్కించుకొని మళ్లీ హాలుకు పోయి కొత్త కొట్లాట మొదలుపెట్టాడు.

"ఛీ, గిదేం గద? ఇత్తడి మీద గింత మురికా? ఎన్నేండ్లాయె తోమక? సినిమాకే అవమానం! తోమి తెస్త, ఇటియ్యి!"

ఇస్తారి ఇవ్వనన్నాడు. ఈయన గుంజాడు. పర్శరాములు అడ్డం వస్తే ఆయన మెడలోని కండువా గుంజాడు. చివరికి దేవకి "వారంల మీ గద మీ ఇంటికి తెస్త, నా పూచీ," అని మాట ఇస్తే గాని ఇస్తారి పిడికిలి వదల్లేదు. తిరుగు ప్రయాణంలో స్కూటర్ వెనక సీటు మీద గద కూర్చుంది. దేవకి రిక్షాలో వచ్చింది.

ఆ తర్వాత కాలనీలో అగ్గి రాజుకుంది. ఆయన ఆ గదను దాచుకుంటాడని కొందరు, కొండల్‌ను భీముణ్ణి చేయడానికే ఈ ఎత్తు అని కొందరు. దసరా దగ్గర పడ్డాక ఇస్తారి పెండ్లాం నాగవ్వ, బతుకమ్మకు తెచ్చిన తంగేడుపూల గంప చంకలో ఉండగానే, గుమ్మం ముందు నిలబడి గొంతెత్తింది.

"దేవకమ్మా! నీ మాట మీద ఇచ్చినం. మా ఇంటాయన బువ్వ తింటలేడు. గద ఏది?"

"తోముతున్నరు నాగవ్వా."

"ఎంత తోముతరమ్మా? ఆయనకు నువ్వు తానం పోసినా గింతసేపు పట్టది గద!"

లోపల్నుంచి గర్జన వచ్చింది. "ముట్టకుండ్రి! ఇంక ఆరలే!"

"చూసినవా? ఇత్తడి తోమితే ఆరుడేందమ్మా? ఏం జేస్తుండు లోపల?"

 లోపల ఏం జరుగుతోందో దేవకికి బాగా తెలుసు. గద సగం బంకమట్టిలో పడుకొని ఉంది, మిగతా సగం మీద తెల్లటి రబ్బరు. ఇల్లంతా రెజిను కంపు. అసలు గద తిరిగి ఇచ్చేసి, నకలును మిగతా నకళ్లతో పాటు తన అల్మారాలో పెట్టుకొనే పాత వరసే ఇది, అంతే అనుకుంది. ఇస్తారి భుజం గతి ఏమైతే ఈయనకేం? నాగవ్వ తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే అనిపించి, పోయేటప్పుడు ఆమె చేతిలో బెల్లం ముక్క పెట్టింది. "నేను తిట్టలేనివి కూడా నువ్వే తిట్టు," అంది.

రెండు రోజులకు కొత్త గద అచ్చులోంచి బయటపడింది. డొల్లది, చేటంత తేలిక. దాని మీద ఇత్తడి రంగు వేసి, పాతదాని నొక్కుల్లో ఉన్న కుంకుమ మరకలు కూడా దిద్ది, ఆయన భూతద్దం పెట్టి వెతికాడు. బుడగ లేదు. ఒక్కటి కూడా లేదు. దేవకి దాన్ని బోర్లించి చూసి, "నకలు అని గీసుడు మర్చిపోయిండ్రా?" అంది.

"ముట్టకు!" అని అరిచి లాక్కున్నాడు.

రిహార్సల్ రోజు హాలు కిక్కిరిసింది. గద మీద దుప్పటి చుట్టి తెచ్చి ఇస్తారి ముందు పెట్టాడు రామేశ్వర్‌రావు. దుప్పటి తీయగానే నాగవ్వ నొక్కులన్నీ తడిమి చూసింది. ఇనుపగేటుకు తగిలిన గాటు, స్టేజీ మీంచి పడ్డ నొక్కు, అన్నీ ఉన్నాయి. "మాదే," అంది.

ఇస్తారి కళ్లు మూసుకొని, హనుమంతుణ్ణి తలుచుకొని, ఏడాది అవమానమంతా కూడగట్టుకొని ఒక్క ఊపున ఎత్తాడు. గద గాలిపటంలా లేచి పైనున్న ట్యూబులైటును పగలగొట్టింది.

జనం నోళ్లు తెరిచారు. ఇస్తారి కూడా తెరిచాడు. పర్శరాములు గాజుపెంకులు దులుపుకుంటూ ముందుకు వచ్చాడు.

"సారూ, గింత తేలికెట్లయింది?"

"కట్టె తేమ తాగింది. ఎండబెట్టిన. పైన ఇన్నేండ్ల మురికి, తోమిన. తేలిక గాక బరువైతదా?"

"ఒక్క మాట చెప్పుండ్రి. గిది అసలుదేనా?"

 రాజమాత ప్రాణాన్ని సైతం లెక్కచేయక కత్తి కోసం అరిచిన మనిషి ముందు పడిన ప్రశ్న అది. ఆయన మొహం ఎర్రబడింది, మెడనరాలు ఉబ్బాయి. చెమట కారింది. ఎన్నడూ ఇంత కోపంగా ఉన్న భర్తను దేవకి చూడలేదు.

"అసలుదే!" అని హాలు అదిరేలా అరిచాడు. "అనుమానముంటే బోర్లేసి చూసుకో! ఏమన్న రాసున్నదా?"

పర్శరాములు బోర్లించి చూశాడు. ఏమీ రాసి లేదు. ఇక వాదన లేదు. రామేశ్వర్‌రావు రాయలేదంటే అది అసలుదే. ఈ సంగతి పోలీసులకు కూడా తెలుసు.

అంతలో కొండల్ చెయ్యి చాచాడు. "జర ఇటియ్యి పెద్దనాయినా, నేను కూడా ఎత్తి చూస్త."

"ముట్టకు!"

కొండల్ వెనక్కి దూకాడు. అన్నాళ్లకు ఆ గర్జన ఒకరికి పనికొచ్చింది. ఇస్తారి గద వంక చూశాడు, రామేశ్వర్‌రావు వంక చూశాడు. తర్వాత గదను కింద పెట్టి, పంచె బిగించి, "మల్ల ఎత్తుత, చూడుండ్రి," అన్నాడు. ఈసారి పళ్లు బిగబట్టి, మూలుగుతూ, నుదుటి నరాలు తేలేలా, కొండను ఎత్తినట్టు మెల్లమెల్లగా నెత్తి మీదికి తెచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. అంత బాగా అతడు ఎన్నడూ నటించలేదు.

పోతూ పోతూ రామేశ్వర్‌రావు పక్కన ఆగాడు. "మస్తు బరువున్నది సారూ."

"ఉండదా మరి? ఇత్తడి!" అని కసిరాడు ఆయన.

ఇంటికి వచ్చాక ఆయన కోపం ఇంకా పెరిగింది. చెప్పు ఒకటి వాకిట్లో, ఒకటి వంటింట్లో పడింది.

"ఒక్క బుడగ లేదు దేవకీ! ఒక్కటి! ఇన్నేండ్లల్ల గసుంటి అచ్చు పడలే. ఎవనికి చెప్పుకోవాలె? ఎవనికి చూపాలె?"

"నాకు చెప్పుండ్రి," అంది దేవకి. "నేను చూసిన కదా."

ఆయన వంటింట్లో పడ్డ చెప్పు తీసుకొచ్చి వాకిట్లో పెట్టాడు. "బాగున్నదా?"

"అచ్చం అసలుదే," అందామె.

ఆ మాట అన్న మనిషిని ఆయన తిట్టకుండా వదిలిపెట్టడం అదే మొదలు, అదే చివర.

తర్వాత మంచం కిందికి వంగి, పాత చీరలో చుట్టిపెట్టిన అసలు సినిమా గదను బయటికి లాగాడు. బోర్లించి, మేకు తీసుకొని, ఇత్తడి మీద కరకర గీయడం మొదలుపెట్టాడు.

"అదేంది? అసలుదాని మీద రాస్తుండ్రు?"

"రెండున్నప్పుడు ఒకదాని మీద రాయాలె. లెక్క లెక్కనే!" అని అరిచాడు.

ఆ దసరాకు భీముడు ఇస్తారే. ఆ తర్వాతి దసరాలకూ అతడే. మద్రాసు నుంచి వచ్చిన సినిమా గద, అడుగున "నకలు" అనే అక్షరాలతో, దేవకి వంటింటి తలుపు పక్కన ఉంటుంది. ఆ తలుపు గాలికి కొట్టుకునేది. ఇప్పుడు కొట్టుకోవడం లేదు.