ఓడెట్ ఈత పరీక్ష

ఓడెట్ పెల్కీకి ఆరా తీయడం పుట్టుకతో వచ్చిన జబ్బు. మా ఊళ్లో బడి బస్సులు నేనూ ఆవిడా ఏళ్ల తరబడి నడిపాం. బస్సెక్కిన పిల్లాడి నాన్న రాత్రి కారు మంచులో ఎందుకు వదిలేశాడో, వాడు దిగేలోపు కూపీ లాగేసేది. వెస్కాట్ కాలేజీలో చదివి బస్సు తోలడమేమిటని ఎవరైనా ఎత్తిపొడిస్తే, "చదువు స్టీరింగుకి అడ్డం రాలేదులే" అనేది.

పోయిన వేసవిలో ఆవిడ మనవరాలు మార్నీ ఆ వెస్కాట్‌కే ముందస్తు దరఖాస్తు పెడతానంది. నవంబరు మొదట్లోనే పెట్టాలి. సీటిస్తే మరో కాలేజీ మొహం చూడనని మాటివ్వాలి. ఇంట్లో ఎవరైనా అక్కడ చదివి ఉంటే కాస్త మొగ్గు చూపుతారనీ, అదీ ముందస్తుగా పెట్టినవాళ్లకే ఎక్కువనీ మా ఊళ్లో అందరూ అనుకునేదే. ఎంత మొగ్గో మాత్రం ఎవరికీ తెలీదు. అది తెలియకపోతే ఓడెట్‌కి అన్నం సహించదు. బస్సుల షెడ్డులో నా ముందే కాలేజీకి ఫోన్ కలిపింది.

"అమ్మమ్మ అక్కడ చదివితే ఎంత కలిసొస్తుందమ్మా? ఉజ్జాయింపుగా చెప్పు, నేనెవరికీ చెప్పన్లే."

అవతలి అమ్మాయి నీళ్లు నమిలింది. "చాలా విషయాలు చూస్తామండీ, అందులో అదొకటి." తర్వాత ఓడెట్ పేరడిగి, వెతికి చూసి, "మీరు చదివారు గానీ పట్టా తీసుకోలేదండీ. పట్టా ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంటాం. మీకు ఈత పరీక్ష మిగిలిపోయింది" అంది.

"ఇప్పుడు ఈదినా ఇస్తారా?"

ఆ అమ్మాయి పైవాళ్లనడిగి వచ్చి, ఇస్తారంది.

ఆ రోజుల్లో వెస్కాట్‌లో ఈత రాకపోతే పట్టా చేతికిచ్చేవారు కాదు. నీళ్లంటే భయపడి, పరీక్ష రోజున జలుబని తప్పించుకుంది ఓడెట్. తర్వాత పెళ్లి, కడుపు, బస్సు. పట్టాల పండగ రోజు అందరితో పాటు నల్లగౌను వేసుకుని నడిచింది గనక సరిపోయిందనుకుంది.

"డెబ్బై దాటాక నీళ్లలో దూకుతావా?" అన్నాను.

"దూకక్కర్లేదేమో. నిచ్చెన ఉంటుందేమో కనుక్కోవాలి."

మా ఊరి ఈతకొలనులో చిన్నపిల్లల తరగతిలో చేరింది. మొదట్లో ఈదిన దానికన్నా తాగిన నీళ్లే ఎక్కువ. మనిషి ఎందుకు తేలుతాడు, లావుగా ఉంటే ఇంకా బాగా తేలుతాడా అని నేర్పే కుర్రదాన్ని ప్రశ్నలతో చంపింది. అక్టోబరు చివర్లో వెస్కాట్‌కి నేనే తీసుకెళ్లాను. సగం దూరం కుక్కలా ఈది, వెల్లకిలా తిరిగి, గట్టు మీది మాస్టారిని అడిగింది.

"ఇక్కడ కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చా బాబూ?"

"పీల్చుకోండి మేడమ్, గోడ మాత్రం పట్టుకోకండి."

పట్టుకోలేదు. అవతలి గట్టు చేరింది. నాకు ఏడుపాగలేదు. ఆ తడి జుట్టుతోనే ఆఫీసుకెళ్లి పట్టా రాయించుకుంది. ఇంటికొచ్చి మార్నీకి చెప్పింది. "దరఖాస్తులో రాసుకో. అమ్మమ్మ, పట్టభద్రురాలు."

"సరే" అంది పిల్ల.

డిసెంబరులో ఫలితం వచ్చిన రోజు నేను ఓడెట్ వంటింట్లోనే కాఫీ తాగుతున్నాను. మార్నీ ఫోను చూసి బల్ల మీద బోర్లించింది.

"రాలేదు అమ్మమ్మా."

ఓడెట్ తన ఫోనందుకుంది. "ఎందుకు రాలేదో కనుక్కుంటా. నా పేరు చూశారో లేదో అడుగుతా."

"చూసి ఉండరు. నేను రాయలేదు."

"రాయలేదా?"

"రాస్తే, సీటు నీ వల్ల వచ్చిందా నా వల్ల వచ్చిందా అని జన్మంతా అనుమానమే. నేను నీ మనవరాల్నే కదా, అది తెలియకుండా ఉండలేను."

ఓడెట్ ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఇంకేమీ అడగనూ లేదు. ఆవిడ అలా ప్రశ్న లేకుండా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. మార్నీ వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ చదువు నాకు దేనికీ అక్కరకు రాలేదే" అంది ఓడెట్. "నీకైనా వస్తుందని ఈదాను."