మేకెదాటు బండల్లో నాగత్త చేయి

వేసవిలో తొలి వాన పడితే చాలు, సర్జాపుర రోడ్డులో మా మనవరాలి అపార్ట్‌మెంటు మెట్ల బండలు తడిసి ఒక వాసన వదులుతాయి. అందరూ దాన్ని మట్టి వాసన అంటారు. కాదు, అది రాతి వాసన. తొమ్మిదేళ్లప్పుడు కావేరి లోయలో ఒక బండ మీద బోర్లా పడుకుని, ఏడుస్తూ, అదే వాసన పీల్చాను కాబట్టి ఆ తేడా నాకు తెలుసు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బళేపేటలో మా నాయనకు గాజుల అంగడి ఉండేది. ఎంత గట్టి చేతికైనా ఒక్క గాజు చిట్లకుండా తొడిగేవాడు. నూనె రాసి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, "చేయి నాకిచ్చేసెయ్ తల్లీ, నీది కాదనుకో" అని, ఏం వండారో ఏం తిన్నారో అడుగుతూ ఉండగానే గాజు మణికట్టు చేరేది.

నాయన చెల్లెలు నాగత్త పందొమ్మిదేళ్లకే భర్త పోయి మా ఇంటికి చేరింది. ఏడాదిపాటు గడప దాటలేదు. వీధుల్లో ఉడికిన శెనక్కాయల ఆవిరి కమ్ముకునే కార్తీకమాసంలో, కావేరిలో అర్కావతి కలిసే చోట సంగమ స్నానమని చెప్పి నాయన ఆమెనూ నన్నూ బయలుదేరదీశాడు. కనకపుర దాకా బొగ్గు బస్సు, అక్కణ్నుంచి ఎద్దుల బండి. స్నానం చేసి, దీపాలు వదిలి, చిత్రాన్నం తిని, అర్కావతిని పుట్టిలో, గుండ్రటి బుట్టపడవలో, దాటాం. పుట్టి నడిపే ముసలాయన దారి చూపిస్తుంటే ముళ్లకంపల మధ్య మేకెదాటుకు నడిచాం. అంత వెడల్పు కావేరి అక్కడ ఒక ఇరుకు సందులో దూరి, మెట్టు మెట్టుకీ దుముకుతూ, చెవులు దిమ్మెక్కేలా హోరెత్తుతుంది. సుడులు తిరిగిన నీళ్లు బండల్లో కుండల్లాంటి గుంతలు తొలిచాయి. నాగత్త కుచ్చిళ్లు ఎగదోపుకుని నాకంటే ముందు బండ నుంచి బండకు గెంతింది. ఏడాది తర్వాత ఆమె నవ్వగా చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఒక గుంత అడుగున నున్నటి గుండ్రాయి కనబడితే అది కావాలని మారాం చేసింది నేనే. అత్త వంగింది, నాచు మీద కాలు జారింది, గుంత ఇరుకు మూతిలోకి చేయి దిగబడింది. ఎంత లాగినా రాలేదు. లాగినకొద్దీ వాచింది. నేను పక్కనే తడి బండ మీద బోర్లా పడి ఏడుస్తూ గుంతలోకి చూస్తున్నాను.

ముసలాయన నది వంక చూసి, "అప్పా, నీళ్ల రంగు మారిండాది. పైన యాడో వాన పడినట్టుండాది. బిరీన కానీ" అన్నాడు.

నాయన కదల్లేదు. విధవ చేయి గాజులాయన పట్టుకుంటే, ఆ అశుభం అతను మర్నాడు గాజులు తొడిగే ముత్తైదువలకు అంటుతుందని మా అంగళ్లలో గట్టి నమ్మకం. సొంత చెల్లెలైనా సరే, ఆ ఏడాదంతా నాయన ఆమె చేతికి మంచినీళ్ల చెంబు కూడా అందించలేదు. నీళ్లు ఎగబాకి, గుంతకు కింది మెట్టు మీద నిలబడ్డ అత్త మోకాళ్లకు వచ్చాయి.

"అన్నా, పాపను తీసుకోని పో నువ్వు" అంది నాగత్త.

అప్పుడు కూర్చున్నాడు నాయన. దీపాలకు తెచ్చి మిగిలిన నూనె గుంతలో వంపి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చాడు.

"చేయి నాకిచ్చేసెయ్ తల్లీ, నీది కాదనుకో. పొద్దున చిత్రాన్నంలో ఉప్పు సరిపోయిందా?"

"తక్కువుండె," అంది అత్త ఏడుస్తూనే. ఆమె ఆ మాట అనేలోపే చేయి బయటికొచ్చింది, తోలు చెక్కుకుపోయి, నెత్తురోడుతూ. నాయన ఆ చేతిని పుట్టి దాకా వదల్లేదు. రేవులో జనం కనబడగానే వదిలేశాడు.

ఆ ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం, అంగట్లో ఎవరూ లేనప్పుడు, నాగత్త వచ్చి నాయన ఎదుట కూర్చుని చేయి చాచింది. నాయన ఆ చేతిని చాలాసేపు చూశాడు. "లోపలికి పోమ్మా, గిరాకులొచ్చే వేళ" అన్నాడు. ఆమె మళ్లీ ఎన్నడూ అడగలేదు. దానికి నాయన మీద నాకు చాలా ఏళ్లు కోపముండేది.

ఇప్పుడు మేకెదాటులో కంచె కట్టారట. గాజులు తొడిగే మనుషులూ లేరు, ఎవరికి వాళ్లే తొడుక్కుంటున్నారు. విధవ చేయి అశుభమనే మాటా మా ఇళ్లలో ఏనాడో పోయింది. అది పోయాక కూడా నాగత్త పదిహేనేళ్లు బతికింది, నా ఇంట్లోనే, రోజూ నా కళ్లెదుటే. ఆ పదిహేనేళ్లలో ఆమెకు ఒక్క గాజు తొడగాలని నాకూ తోచలేదు.